ఆర్లా, ముప్పై రెండు

సొర్రీసో నుంచి సినోప్ దాకా ఉన్న రోడ్డు మీద ఆర్లా విషయంలో నన్ను మోసం చెయ్యగల మనిషి ఇంకా పుట్టలేదు. డబ్బా మూత కాస్త వదులు చేసి ముక్కు దగ్గర పెడితే చాలు, అది తాజాదో కాదో, ఎన్నాళ్లు ఎండలో పడుందో, దాన్ని దింపిన డ్రైవరుకి పెళ్లయిందో లేదో కూడా చెప్పేస్తా. ఈ మాట మా బంకులో కాఫీ తాగే ప్రతి లారీవాడికీ చెప్పాను. అది మా జుల్మీరా అత్త చెవిన పడింది. బంకు ఆవిడదే. రెండు గ్లాసులు తెచ్చి నా ముందు పెట్టింది. నేను కళ్లు మూసుకుని, గట్టిగా పీల్చి, కుడివైపుది మొన్ననే ఫ్యాక్టరీ నుంచి దిగిన మేలురకం ఆర్లా అని తేల్చాను. అది వంటింటి కుండలో నీళ్లు. ఎడమవైపుది కూడా వంటింటి కుండలో నీళ్లే.

ఆ రోజు నుంచి సరుకు పరీక్ష అత్త చేస్తుంది. మొయ్యడం నేను చేస్తాను.

ఆర్లా అంటే కొత్త లారీలకి డీజిల్‌తో పాటు వేరే ట్యాంకులో పోసే మందు. పొగలో విషాన్ని చంపుతుంది. చూడ్డానికి ఉత్త నీళ్లలా ఉంటుంది గానీ దానికున్న గారం పెళ్లికూతురికి కూడా ఉండదు. ఎండ పడదు. ఇనప డబ్బా పడదు. మూత తెరిచి వదిలేస్తే పడదు. మా ఊరి ఎండ సంగతి మీకు తెలిసిందే, మధ్యాహ్నమైతే మా బంకు నీడ కూడా లోపలికొచ్చి ఫ్యాను కింద కూర్చుంటుంది. అందుకని వంటింటి వెనక మందపాటి గోడల గది ఒకటి ఆర్లాకి ఇచ్చేసింది అత్త. ఊళ్లో చల్లగా ఉండేది ఆ గది ఒక్కటే. నా ఉయ్యాల మంచం కూడా అందులోనే కట్టుకున్నా. అడిగినవాళ్లకి కాపలా అని చెప్తా.

ఓస్మరీనో బాబాయి ఆ ఏడే కొత్త లారీ కొన్నాడు. అంతకుముందు ఆయన జీవితమంతా ఒకే పాత లారీ నడిపాడు, దానికి డీజిల్ పోస్తే చాలు, ఆ డీజిలు కూడా మొహమాటంగా తాగేది. కొత్తది కొన్నాక బాబాయికి ఆర్లా భయం పట్టుకుంది. తనకోసం విడిగా ఒక డబ్బా తీసి పెట్టమన్నాడు, దాని మీద తన పేరు రాయించాడు, ఎక్కడున్నా ఫోన్లో వాయిస్ మెసేజి పెట్టి దాని ఆరోగ్యం కనుక్కునేవాడు. ఎండ తగుల్తోందా, ఎవరైనా ముట్టుకున్నారా, ఇలాంటివి. పసిపాపని మా దగ్గర వదిలి వెళ్లినట్టు.

ఒక ఆదివారం నాకు ఏమీ తోచలేదు. ఏమీ తోచని రోజున నన్ను కట్టేసి ఉంచాలని అత్త అంటుంది, ఆ రోజు మర్చిపోయింది. బాబాయికి ఫోను చెవి దగ్గర పెడితే వినపడదని, ఏదైనా ఇంటిల్లిపాదికీ వినపడేలా పెద్దగానే మోగుతుందని నాకు తెలుసు. ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంట్లో భోజనానికి కూర్చుంటాడనీ తెలుసు. గొంతు తగ్గించి, గౌరవంగా ఇలా చెప్పి పంపాను:

"బాబాయ్, ఆర్లా నీకోసమే చూస్తోంది. చల్లటి గదిలో పడుకోబెట్టాను. ఎండకి పంపలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ముప్పై రెండంటే ముప్పై రెండే, తగ్గలేదు పెరగలేదు. నువ్వు ఆలస్యం చేస్తే మాత్రం పాడైపోతుంది."

తర్వాత నేను నిద్రపోయాను. నోవా ముతుంలో బాబాయి వాళ్లింట్లో మాత్రం ఆ మధ్యాహ్నం ఎవరూ నిద్రపోలేదట.

మంగళవారం బస్సు ఆగింది. లిందౌరా పిన్ని దిగింది. బాబాయి భార్య. చేతిలో బాబాయి పెట్టె. ఏడవలేదు, అరవలేదు, దుమ్ము దులుపుకుని బల్ల దగ్గర కూర్చుని కాఫీ కూడా వద్దంది. పెట్టె తెరిచి సర్దడం మొదలెట్టింది. ఇస్త్రీ చేసిన చొక్కాలు, మాతె టీ తాగే సొరబుర్ర, గొట్టం, బీపీ మాత్రలు. నన్ను పిలిచింది.

"ఆర్లాని ఒకసారి పిలువు నాయనా. ఈ మాత్ర పొద్దున్నే పరగడుపున, ఇది రాత్రి. గురక పెడితే ఎడమవైపుకి తిప్పాలి. ఇవన్నీ చెప్పేసి మళ్లీ బస్సుకి వెళ్లిపోతా."

మామూలు మనిషైతే అక్కడే కాళ్ల మీద పడతాడు. నేను, ఆర్లా లోపల విశ్రాంతి తీసుకుంటోంది పిన్నీ, వెలుగు పడదు దానికి, అన్నాను. ఎందుకన్నానో నాకూ తెలీదు. నోరు దానంతటదే అంది.

అప్పుడే బాబాయి లారీ లోపలికి తిరిగింది. సోయా దించి వస్తున్నాడు. పెళ్లాన్ని చూసి నవ్వుకుంటూ దిగాడు, పెట్టెని చూసి నవ్వు ఆపేశాడు. ఆదివారం నుంచి తను చెప్తున్నదే మళ్లీ చెప్పాడు, ఆర్లా మనిషి కాదు, మందు అని. ఇన్నేళ్లు లారీ నడిపావు, ఒక్కనాడైనా మందు పోశావా అని పిన్ని అడిగింది. నిజమే, పాత లారీకి ఎప్పుడూ పొయ్యలేదు. బాబాయి అత్త వైపు చూశాడు. అత్త చెప్పింది, ముప్పై రెండంటే వయసు కాదమ్మా, అందులో నూటికి ముప్పై రెండు పాళ్లు యూరియా అని. దాంతో వ్యవహారం ఇంకా చెడింది. పొలంలో చల్లే యూరియాని లారీకి తాగిస్తారంటే నేను నమ్మాలా, మీ ఊరంతా కలిసి ఆయన్ని వెనకేసుకొస్తున్నారు అంది పిన్ని. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాతో అబద్ధం ఆడలేదు, మొదటిసారి ఆడితే ఇంత చేతకానిదా ఆడేది, అని కూడా అంది.

బాబాయి పెద్ద మనిషి, తలుపులోంచి పక్కకి తిరిగి వస్తాడు. అలాంటివాడు పాత టైరు మీద చిన్నపిల్లాడిలా కూర్చుండిపోయాడు.

అత్త అందర్నీ చల్లగదికి తీసుకెళ్లింది. డబ్బాలు చూపించింది. డబ్బాలకి పేర్లు పెట్టుకోడం ఎవరికైనా వచ్చు అంది పిన్ని. అప్పుడు అత్త అలమరలోంచి నల్లటి చుక్కలమందు సీసా తీసింది. రోడ్డు మీద పోలీసులు లారీలు ఆపి వేసే చుక్కలే అవి. ఆర్లా అసలుదైతే నీలంగా మారుతుంది. కుళాయి నీళ్లు కలిసుంటే గులాబీ రంగు. ఇందులో అబద్ధం ఆడ్డానికి కుదరదమ్మా, అంది అత్త.

పిన్ని సీసా చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"నీలం వస్తే పెట్టె తీసుకుని ఆయనతో ఇంటికెళ్తా. గులాబీ వస్తే పెట్టె ఇక్కడే ఉంటుంది."

బాబాయి మొహం వెలిగిపోయింది. వెయ్యక్కా, నా డబ్బాలోదే తియ్యి, అన్నాడు.

నేను వెంటనే మూలనున్న వేరే డబ్బా మంచిదన్నాను. ఆయన డబ్బా మీద సాలెపురుగుందన్నాను. ఎండ ఎక్కువగా ఉంది, రేపు వేద్దామన్నాను. నా మాట వినే అలవాటు మా ఇంట్లో లేదు. అత్త బాబాయి డబ్బాలోంచి గ్లాసులోకి వంచి, చుక్కలు వేసింది.

గులాబీ వచ్చింది. మామూలు గులాబీ కాదు. పిల్లల పుట్టినరోజుకి చేసే షర్బతులా, తాగబుద్ధేసేలా వచ్చింది.

ఆర్లాకి సిగ్గెక్కువ, అంతమందిని చూసి ఎర్రబడింది, అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు. పిన్ని పెట్టెని గోడ పక్కన నిలబెట్టింది, జాగ్రత్తగా, పడిపోకుండా. మాత్రల డబ్బా దాని మీద పెట్టింది. బాబాయి "లిందౌరా" అన్నాడు. ఆవిడ రోడ్డు వైపు నడిచింది. బస్సు వచ్చే వేళయింది.

అత్త మాత్రం కదల్లేదు. కుళాయి కింద ఇంకో గ్లాసు పట్టింది. చుక్కలు వేసింది. అచ్చం అదే గులాబీ. రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి, కిటికీలోంచి పెరట్లోకి చూసింది. అక్కడ ఆవిడ మిరప మొక్కలుండేవి. ఇప్పుడు పుల్లలున్నాయి. చీమలు తినేశాయని పోయిన వారం నేనే ఏడుస్తూ చెప్పాను.

"ఎద్వాన్. చీమలు తిన్నాయన్నావు. డబ్బాలో నీళ్లు కూడా చీమలే పోశాయా?"

బస్సు హారను వినపడింది. పిన్ని చెయ్యెత్తి నిలబడింది. బాబాయి ఇంకా ఆ పెట్టె వైపే చూస్తున్నాడు. ఇంకో రెండు అబద్ధాలు నా నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి, రెండూ మంచివే. కానీ ఆ మాత్రల డబ్బా చూస్తే బయటికి రాలేదు. పరిగెత్తాను. బస్సుకీ పిన్నికీ మధ్య నిలబడి మొత్తం కక్కేశాను.

మిరప మొక్కల్ని బంకు బోర్డంత ఎత్తు పెంచుతానని డ్రైవర్లతో కోతలు కోసింది నేనే పిన్నీ. యూరియా అంటే ఎరువే కదా అని బాబాయి డబ్బా సగం వాటికి పోసింది నేనే, ఉయ్యాల లోంచి చెయ్యి చాస్తే అందేది అదొక్కటే. అవి సాయంత్రానికే మాడిపోయాయి. తగ్గినంతా కుళాయి నీళ్లతో నింపింది నేనే. ఇవాళ అది లారీలో పోసుకుని ఉంటే కొత్త బండి దారిలో పడకేసేది. ఆదివారం మెసేజి పెట్టింది కూడా నేనే, మీరు అన్నం తింటూ వింటారని తెలిసే పెట్టాను. బాబాయి ఆదివారం నుంచి ఒక్క అబద్ధం ఆడలేదు. ఆర్లా మనిషి కాదు.

పిన్ని బస్సువాడికి వెళ్లిపొమ్మని సైగ చేసింది. వెనక్కొచ్చి పెట్టె తీసి బాబాయి చేతికిచ్చింది, మాత్రలు మాత్రం తన సంచిలో వేసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, మరి వాసన చూసి చెప్పేస్తావట కదా, ఆ డబ్బాలో నీళ్లున్నాయని ముందే ఎందుకు చెప్పలేదు అని అడిగింది.

"అదీ అబద్ధమే పిన్నీ," అన్నాను. "నాకు చిన్నప్పట్నుంచీ ముక్కుదిబ్బడ."