నా ముఖం మీది పద్దెనిమిది

నేను ఒక వీడియో గేమ్ డిస్కును. అద్దంలా తళతళలాడతాను గానీ నాలో ముఖం చూసుకోవాలని సరదాపడకండి. నా కడుపులో ఒక పాడుబడిన ఆసుపత్రి ఉంది. దాని వరండాల్లో మనుషులు పడి ఉంటారు. ఆట ఆడేవాళ్ళను ముద్దుగా పిలుస్తారు, సాయం అడుగుతారు. జాలిపడి దగ్గరికి వెళ్తే అది మనిషి కాదని తేలుతుంది, ఆట ముగిసినట్టే. అందుకని ఎవరు పిలిచినా పలక్కుండా, ఊపిరి బిగబట్టి దాక్కోవాలి. నేను నేర్పే విద్య అదొక్కటే.

నన్ను తయారుచేసినవాళ్ళు మంచివాళ్ళో కారో తెలియదు గానీ దొంగలు మాత్రం కారు. నా డబ్బా మూలన ఎర్రటి చదరంలో పద్దెనిమిది అని అచ్చు వేయించారు, ఆ వయసు నిండినవాళ్ళకే అని. ఆ అంకె కోసం పెద్దవాళ్ళు కూర్చుని కొట్టుకున్నంత పని చేశారట. పదహారు చాలని కొందరు, అసలు అమ్మనే కూడదని కొందరు. నాకు మాత్రం ఆ అంకె అంటే గర్వం. తన గురించి తాను నిజం చెప్పుకునే సరుకు బజారులో ఎంత ఉంది గనక?

గుంటూరులో నా మొదటి యజమాని ఫణిశేఖర్, మందుల కంపెనీలో ఉద్యోగి, బ్రహ్మచారి. మొదటి రోజే హడలిపోయి, గదిలో లైట్లన్నీ వేసుకుని, వాళ్ళమ్మకు ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగాడు. మర్నాడు ఆఫీసులో అదే చెప్పి అందరినీ నవ్వించాడట. పెద్దవాళ్ళకు ఆ సౌకర్యం ఉంది. భయాన్ని తెల్లారేసరికి కబుర్లుగా మార్చుకోగలరు. పెళ్ళి కుదరగానే నన్ను పాత గేములు కొనే దుకాణానికి ఇచ్చేశాడు.

అక్కడికి వచ్చాడు పట్టాభి. కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ఐఐటీ ఫౌండేషన్‌లో ఫస్టు ర్యాంకు తెచ్చుకున్న కూతురికి కానుక వెతుకుతున్నాడు. కూతురి పేరు చిన్మయి, పదేళ్ళ పిల్ల. దుకాణం అతను నా అంకె మీద వేలు పెట్టి, ఇది పెద్దవాళ్ళది సార్, పిల్లలకు వద్దు అన్నాడు. పట్టాభి నవ్వాడు.

“ఎనిమిదో క్లాసు పుస్తకాలు ఊదిపారేస్తందయ్యా మా పిల్ల. ఇదెంత దానికి?”

చూశారా, నా అంకెను అతను కష్టానికి కొలతగా చదివాడు. వయసుకు మించిన పుస్తకం పిల్ల చేతిలో పెట్టి మురిసిపోయే ఊళ్ళో, వయసుకు మించిన ఆట కూడా ప్రతిభ కిందే జమ.

చిన్మయి నిజంగానే చురుకు. నా వరండాలన్నీ ఇట్టే దాటేసింది. తండ్రి పక్క ఫ్లాటువాళ్ళను పిలిచి మరీ ఆమె తెచ్చుకున్న పాయింట్లు చూపించాడు. కానీ పిల్లలో ఒక మార్పు వచ్చింది. పక్క గదిలోంచి పిలిస్తే పలకడం మానేసింది. మనిషి ఎదురుగా వచ్చి ముఖం చూపిస్తేనే నోరు విప్పేది. తల్లి హైమవతికి గుబులు పుట్టి డాక్టరుకు చూపిద్దామంది. ఏకాగ్రత అంటే అలాగే ఉంటుందని పట్టాభి కొట్టిపారేశాడు. ఆ మాటకు నాకు భయం వేసింది. పిల్ల ఎందుకు పలకడం లేదో ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.

ఇంతలో చిన్మయి బడిలో తల్లిదండ్రుల సభ పెట్టారు. పెద్దల గేములు పిల్లలకు అమ్మకుండా చట్టం రావాలా, అక్కర్లేదా అని చర్చ. పట్టాభిది అక్కర్లేదనే పక్షం. నా ఎదుటే నిలబడి ప్రసంగం వల్లెవేశాడు. తెలివిని వయసుతో కొలవడం అజ్ఞానమట. పిల్లలకు ఏది మంచో తేల్చాల్సింది సర్కారు కాదు, కన్నవాళ్ళట. రెండో మాట నాకూ సబబుగానే తోచింది. ఆ కన్నవాళ్ళు ఒక్కసారైనా పిల్ల పక్కన కూర్చుని నన్ను మొదటినుంచీ చూసి ఉంటే ఇంకా బాగుండేది.

ఆదివారం ఉదయం మొగుడూ పెళ్ళాం సభకు వెళ్ళారు. ఇంట్లో చిన్మయి, ఆమె నాయనమ్మ భ్రమరాంబ ఉన్నారు. నేను హాల్లో మెషీనులో తిరుగుతున్నాను. వంటింట్లో గిన్నె పడిన చప్పుడైంది. వెంటనే మనిషి పడిన చప్పుడు.

“చిన్నీ, ఒకసారి రామ్మా. లేవలేకపోతన్నా.”

చిన్మయి కంట్రోలర్ కింద పెట్టి, అలికిడి కాకుండా హాల్లో మూలనున్న మంచం కిందికి దూరింది. ముసలామె మళ్ళీ పిలిచింది. ముద్దుగా, బతిమాలుతూ, నా ఆసుపత్రిలో వాళ్ళు పిలిచినట్టే పిలిచింది. పిల్ల రెండు చెవులూ మూసుకుంది. నేను తిరుగుతూనే ఉన్నాను. నన్ను ఆపేవాళ్ళు లేరు. కాసేపటికి వంటింట్లో మాటలు ముద్దకట్టి, తర్వాత అవీ ఆగిపోయాయి.

సభలో చప్పట్లు కొట్టించుకున్న పట్టాభి మిఠాయి పొట్లంతో తిరిగొచ్చాడు. తల్లిని ఆసుపత్రికి మోసుకెళ్ళాడు. పక్షవాతమని, ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే మాటా చెయ్యీ దక్కేవని డాక్టర్లు అన్నారట. భ్రమరాంబ ప్రాణంతో ఇంటికొచ్చింది. కుడిచెయ్యి లేవదు. మూతి వంకర తిరిగింది.

పిల్ల మంచం కింద ఎందుకు దాక్కుందో తెలిశాక కూడా పట్టాభి నన్ను విరగ్గొట్టలేదు. టీవీ కింది సొరుగులో పెట్టి తాళం వేశాడు. సభ సంగతి ఇంట్లో మళ్ళీ ఎత్తలేదు. ఈ చీకట్లో నాకు రోజంతా వినిపించేది ఒక్కటే, మనవరాలి కోసం ఆ ముద్దమాటల పిలుపు. నా కడుపులో పడి ఉన్నవాళ్ళ గొంతుకూ ఆమె గొంతుకూ తేడా ఏమిటో ఇప్పుడు నాకే తెలియడం లేదు. ఇంక ఆ పసిదానికేం తెలుస్తుంది?

నిన్న సాయంత్రం పట్టాభి కూతుర్ని ఎంతో బతిమాలాడు. నాయనమ్మ పిలుస్తోంది, ఒక్కసారి దగ్గరికి వెళ్ళమ్మా అన్నాడు. చిన్నపాదాల చప్పుడు కోసం నేనూ చెవులు రిక్కించాను. పిల్ల కదల్లేదు. మంచం మీది మనిషికి వినబడకుండా, గొంతు తగ్గించి తండ్రిని అడిగింది.

“నాన్నా, అది నిజంగా నాయనమ్మేనా?”