రెండుసార్లు వద్దన్న చాయ్

"మనిషి కండ్లు చూస్తే సాలు మేడమ్, ఏం అలవాటున్నదో చెప్తా. ఇప్పటిదాంక ఒక్కసారి గూడ తప్పలే" అన్నాడు ఉదయ్ కుమార్.

మత్తు మాన్పించే కౌన్సెలర్ల శిక్షణ అది. మెదక్‌లో ఒక చిన్న హాల్లో పన్నెండు మంది, గోడమీది తెరలో ఎవరి ఊరి నుంచి వాళ్లు ఫోన్లలో మరో తొమ్మిది మంది. నేర్పే అరుణ మేడమ్ జవాబు చెప్పేలోపే ఉదయ్ కుమార్ చాయ్ తెచ్చిన కిష్టవ్వ వైపు వేలు చూపించాడు.

"ఎర్ర కండ్లు. గంజాయి."

"నీ మొఖం! పకోడీలకు ఉల్లిగడ్డలు కోసొస్తున్న బిడ్డా. చాయ్ తాగుతవా?"

"వద్దవ్వా."

హాల్లో లేచిన నవ్వు ఊళ్లోని పెద్ద చర్చి గోపురం దాకా వెళ్లి తిరిగొచ్చింది.

ఉదయ్ కుమార్ చలించలేదు. ఈ సర్టిఫికెట్ చేతికొస్తే బడుల్లో కౌన్సెలర్ ఉద్యోగం ఖాయం. 'నాకు ఏ మత్తు అలవాటూ లేదు' అన్న ఫారం మీద అందరికంటే ముందు సంతకం పెట్టింది కూడా అతనే. అబద్ధమని తేలితే పేరు కొట్టేస్తారు.

అతని అనుమానం ఇప్పుడు తెర మీదికెక్కింది. శంకరంపేట స్వామి. ఎడమ చెంప బన్నురొట్టెలా ఉబ్బింది. నోరు విప్పడు. మాటిమాటికీ లేచిపోయి మూతి తుడుచుకుంటూ వస్తాడు. 'తంబాకు! నోట్లె పెట్టుకొని మాన్పించనీకె వచ్చిండు దొంగ!' ఉదయ్ కుమార్ స్వామి లేచిన టైములన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాడు. ఆ చెంప బొమ్మను మూడు వైపుల నుంచి గీసుకున్నాడు. రెండో చాయ్ వస్తే తలెత్తకుండానే చెయ్యి ఊపేశాడు.

మధ్యాహ్నం ఇద్దరిద్దరు మాట్లాడుకునే అభ్యాసం. ఉదయ్ కుమార్ స్వామినే ఎంచుకుని కెమెరా ముందుకెళ్లాడు. అతని ముఖం కూడా గోడంతైంది.

"స్వామన్నా, చెంపల ఏం దాచినవ్?"

"గట్ల నింద వెయ్యొద్దు, మెల్లగ అడగాలె" అంది మేడమ్.

స్వామి నోట్లోంచి దూదిముద్ద తీసి చూపించాడు. "నిన్న దవాఖానల పన్ను పీకిండ్రన్నా. నెత్తురు ఉమ్మొస్తున్న. నోరు లేస్తలేదు గని కండ్లు మంచిగనే ఉన్నయి. పొద్దటి సంది రెండుసార్లు చాయ్ వచ్చింది. అందరు తాగిండ్రు, నువ్వొక్కనివే ముట్టలే. చాయ్ వద్దనే మెదకోన్ని నేనెన్నడు సూడలే. నీ కింది పెదవి ఎనక ఏమున్నదన్నా?"

గోడమీద ఆ పెదవి దిండంత కనబడుతోంది. ఉదయ్ కుమార్ తప్ప హాలంతా అటే చూసింది.

"కం... కందిరీగ కుట్టింది."

"లోపటి నుంచా?" అంది కిష్టవ్వ.

ఎవరూ నవ్వలేదు. మేడమ్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఎప్పటి సంది, ఉదయ్ గారూ?"

అంత మెల్లగా అడిగేసరికి అతను తల దించేశాడు. "ఇంటర్ సంది మేడమ్. ఖైనీ. ఫారం మీద అబద్ధం రాసిన. నా పేరు కొట్టెయ్యుండ్రి."

"రోజుకెన్ని పొట్లాలు?"

"మూడు."

తెరలో స్వామి ముందుకు వంగి అతని కళ్లలోకి చూశాడు.

"ఆరు" అన్నాడు ఉదయ్ కుమార్.