మూడో గీత దాకా

దర్జీ కూతురికి ఆ రోజు అప్పజెప్పిన పని ఒక్కటే. ఇరవైనాలుగు గంటలపాటు నాన్న మూత్రాన్ని చుక్క పోకుండా ల్యాబువాళ్లిచ్చిన తెల్ల క్యానులో పోగుచెయ్యాలి. ఆయన పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట అలాగే నిలిచిపోతోంది. కిడ్నీల్లోంచి ప్రొటీను ఎంత కారిపోతోందో ఆ క్యానే తేల్చాలి.

“ఈ ఇంట్లో నాకంటే దీనికే మర్యాద ఎక్కువైందే, పిచ్చుకా!” అని నాన్న మిషన్ తొక్కుతూ నవ్వాడు.

మర్నాడు పొద్దున, గడువు నిండే వేళకు, బాత్రూంలో క్యాను పక్కకు జరపబోతే చెయ్యి జారింది. సరిగ్గా బిగించని మూత ఊడింది. ఎత్తి నిలబెట్టేలోగా సగం తూములోకి పోయింది.

“ఏంటే ఆ చప్పుడు?” వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

“మగ్గు పడిందమ్మా!”

పిల్ల కుళాయి తిప్పి, క్యాను మీది మూడో గీత దాకా, ఇందాక ఎంతుందో అంతకూ, నీళ్లు నింపేసింది.

నాలుగు రోజులకు రిపోర్టు చూసిన డాక్టరమ్మ ముఖం విప్పారింది.

“భలే! ప్రొటీను సగానికి సగం పడిపోయింది. కిడ్నీ జల్లెడలాంటిదని చెప్పానుగా, కన్నాలు పూడుతున్నట్టున్నాయి. మందు తగ్గిద్దాం.”

“అంతా మా పిచ్చుక చలవేనండీ. చుక్క పోనివ్వలేదు,” అన్నాడు నాన్న, కూతురి వీపు తడుతూ.

ఆ మాట వాత పెట్టినట్టు తగిలింది. వంచిన తల కింద నాన్న చెప్పులు కనిపించాయి. వాపుకు పట్టీలు ఇంకా అందడం లేదు. డాక్టరమ్మ కలం తీసింది.

“రాయకండి డాక్టరమ్మా,” అంది పిల్ల. “అందులో సగం కుళాయి నీళ్లు. ఒలకబోశాను. తిడతారని…”

కలం ఆగింది. నాన్న చెయ్యి వీపు మీదనుంచి జారిపోయింది.

“ఇప్పుడైనా చెప్పావు,” అంది డాక్టరమ్మ మెల్లగా. “పాత మోతాదే వాడండి. రేపు మళ్లీ పట్టండి.”

కొత్త క్యాను నాన్నే పట్టుకున్నాడు. ఇంటిదాకా పిల్ల రెండడుగులు వెనకే నడిచింది.

“తిట్టు నాన్నా,” అంది పిల్ల, గుమ్మం దగ్గర.

ఆయన లోపలికెళ్లి మిషన్ ముందు కూర్చున్నాడు. ఆ వాచిన పాదాలతోనే తొక్కడం మొదలుపెట్టాడు.

తెల్లారి చూస్తే క్యాను బాత్రూం గొట్టానికి కదలకుండా కట్టేసి ఉంది. ప్యాంటు గుడ్డతో కుట్టిన పట్టీ, రెండు వరసల కుట్టు.

“ఇక ఒరగదులే,” అన్నాడు నాన్న వెనకనుంచి. “మూత మాత్రం నువ్వే బిగించాలి.”

పిల్ల బిగించింది. మళ్లీ బిగించింది. తిట్లు తిన్నా ఇంతకంటే తేలిగ్గా ఉండేదేమో అనుకుంది.