షాండ్లియర్ కింద గుడారం

మా ఆయన ఎర్మెక్ ఇల్లు కట్టించిన రోజుల్లో పాత కార్ల విడిభాగాల వ్యాపారం బాగా నడుస్తోంది. చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడు మనిషికి పొడవూ వెడల్పూ చాలవు, ఎత్తు కూడా కావాలనిపిస్తుంది. "మన హాల్లో అడుగుపెట్టినవాడు తలెత్తి చూడాలి," అన్నాడు. అన్నట్టే కట్టించాడు. పైనుంచి పొడవాటి గొలుసుతో కిందిదాకా షాండ్లియర్ వేలాడదీశాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు నిజంగానే తలెత్తి చూశారు, మెడలు పట్టేసి ఇళ్లకెళ్లారు.

మా కొండల ఊరు నార్యన్‌లో చలి ఎలా ఉంటుందో ఆ హాలుకి తెలియదు. తెలిసుంటే అంత ఎత్తు పెరిగేది కాదు. హీటర్లు పెడితే వేడంతా నేరుగా కప్పు దగ్గరికి వెళ్లి అక్కడే కాపురం పెట్టేది. కింద మేం కోట్లు తొడుక్కుని టీ తాగుతుంటే, పైన ఒక ఈగ నడిశీతాకాలంలో కూడా హాయిగా షికారు చేసేది. "మనం డబ్బు పోసి పెంచుతున్నది దాన్నేరా," అనేది మా అత్తగారు ఉమ్సునాయ్.

ఆ ఏడు మంచు పడకముందే కరెంటు రేటు పెంచారు. బొగ్గు సంగతి సరేసరి. మొదటి బిల్లు వచ్చిన రోజు ఎర్మెక్ దాన్ని చదివి, వెనక్కి తిప్పి చూశాడు, అక్కడేమైనా కాస్త దయగా రాసుందేమోనని. ఏమీ లేదు.

మర్నాడు అతను కొట్టుకి వెళ్లగానే అత్తగారు నన్నూ, ఎర్మెక్ చెల్లెలు బురుల్‌నీ పిలిచింది. పశువుల కొట్టంలో మా మామగారు గొర్రెలు కాచే రోజుల్లో వాడిన చిన్న ఉన్ని గుడారం మూటగట్టి ఉంది.

"లోపలికి తెండి," అంది.

"లోపలికంటే ఎక్కడికి అపా?" అన్నాను. మా వైపు అత్తగారిని అలాగే పిలుస్తాం.

"హాల్లోకి. ఇల్లంతా వెచ్చబెట్టడం మనవల్ల కాదు. మనల్ని మనం వెచ్చబెట్టుకుందాం."

సోఫాలు గోడలకి నెట్టేశాం. మూటలోని మడత కర్ర దడి విప్పి చుట్టూ నిలబెట్టాం. గుడారం నెత్తిన ఉండే కర్ర చక్రం ఎత్తేసరికి షాండ్లియర్ సరిగ్గా దాని మధ్యలోంచి లోపలికి దిగింది, కొలత తీసి పెట్టినట్టు. చక్రానికీ దడికీ మధ్య వాసాలు దోపి, మీద దళసరి ఉన్ని కప్పాం. లోపల రంగురంగుల తివాచీలు పరిచి, ఒక్క చిన్న హీటరు పెట్టాం. వంటింటి పొయ్యిలో పిడకల మీద ఇటుకలు కాల్చి గుడ్డల్లో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకున్నాం. టీ మరిగేలోపే బురుల్ కోటు విప్పేసింది. నేను శాలువా తీసేశాను. ఎందుకో తెలియదు గానీ ముగ్గురం చిన్నపిల్లల్లా పకపకా నవ్వడం మొదలుపెట్టాం.

సాయంత్రం ఎర్మెక్ వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"ఏమిటిది?"

"ఇల్లు," అంది అత్తగారు లోపలినుంచి.

"ఇల్లు ఇదీ! నేను కట్టింది!"

"నువ్వు కట్టింది ఊరురా. ఇల్లు ఇది. ఆ తలుపు తెర దించు, చలి కొడుతోంది."

ఎర్మెక్ పౌరుషం గల మనిషి. ఆ గుడారంలో కాలు పెట్టనని ఒట్టేసి, పడకగదిలో ఉన్నవన్నీ కప్పుకుని, నెత్తిన బొచ్చు టోపీతో పడుకున్నాడు. పొద్దున్నే మీసాల మీద మంచు ఉందని బురుల్ అంది. నేను నమ్మలేదు గానీ, చూడ్డానికి వెళ్లాను. రెండ్రోజులు పోయాక ఉప్పు కోసమని తెరలోంచి తల లోపలికి పెట్టాడు. తర్వాత అగ్గిపెట్టె కోసం. ఒక సాయంత్రం బాండీలో వేయించిన మాంసం ఘుమఘుమలాడుతుంటే మళ్లీ తల పెట్టాడు, ఈసారి ఏమీ అడగలేదు, తల మాత్రం వెనక్కి తీయలేదు.

"బైకే, తల మాకిచ్చేసి కాళ్లు అక్కడే ఉంచుకుంటావా?" అంది బురుల్.

బైకే అంటే అన్న. ఆ అన్నగారు కాళ్లు కూడా తెచ్చుకున్నాడు. లోపలికొచ్చాక మాత్రం, "ఈ ఒక్క రోజే," అన్నాడు. రోజూ అదే మాట.

ఇలా ఉండగా బురుల్‌కి సంబంధం కుదిరింది. కుదర్చడానికి ఎవరూ కష్టపడలేదు. కుబాత్ అనే కుర్రాడు రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. మా పిల్ల పనిచేసే బాలవాడి ముందు ఎంత మంచు పడ్డా, పడకపోయినా, రోజూ తోసేవాడు. ఆదివారం సాయంత్రం తల్లిదండ్రులు వచ్చి పిల్ల చెవులకి కమ్మలు పెట్టి ఖాయం చేసుకుంటామని కబురు పంపారు.

ఎర్మెక్ లేచి నిలబడ్డాడు. "గుడారం తీసేయాలి."

"ఎందుకురా?" అంది అత్తగారు.

"వియ్యాలవారు వచ్చి మనల్ని గొర్రెల కాపరులనుకోవాలా?"

"మీ నాన్న గొర్రెల కాపరే కదా."

"అవుననుకో. హాల్లో కాయలేదు కదమ్మా!"

అత్తగారు లేచి తివాచీలు చుట్టడం మొదలుపెట్టింది. గుడారం మళ్లీ మూటగా మారింది. ఆదివారం పొద్దుటినుంచీ ఎర్మెక్ వీధిలో ఇంటింటికీ తిరిగి హీటర్లు అరువు తెచ్చాడు. ఒకటి ఎర్రగా నోరు తెరుచుకుని చూసేది, ఒకటి హెలికాప్టర్‌లా రొద పెట్టేది. పక్కింటి సోనున్ అక్క ఇచ్చినది మాత్రం ఏ చప్పుడూ లేకుండా కాలిన వాసన వేసేది. అన్నీ కలిపి తగిలిస్తే హాలు నిజంగానే ఆవిరి స్నానాల గదిలా వేడెక్కింది. ఈగకి కూడా ఉక్కపోసినట్టుంది, కిందికి దిగింది.

పొద్దువాలుతుండగా వాళ్లొచ్చారు. కుబాత్ తండ్రి సగిన్‌బాయ్ తలుపు నిండా మనిషి. తల్లి జిపార్ సన్నగా, చురుగ్గా ఉంది, లోపలికి రాగానే ఆమె కళ్లజోడు తెల్లగా ఆవిరి పట్టేసింది. కుబాత్ మొహం చలికో సిగ్గుకో బీట్‌రూట్ దుంపలా ఉంది. ముగ్గురూ తలలెత్తి కప్పు చూశారు. ఎర్మెక్ ఛాతీ ఉబ్బింది.

"అబ్బో! లోపల గుర్రప్పందేలు పెట్టుకోవచ్చు," అన్నాడు సగిన్‌బాయ్. గొంతులో మెప్పు కంటే బెంగే ఎక్కువ వినిపించింది నాకు.

"ఇంకా లైటు వెయ్యలేదు, చూడండి," అని ఎర్మెక్ షాండ్లియర్ మీట నొక్కాడు.

ఠప్‌మని ఒక చప్పుడు. హాలు చీకటి. కిటికీలోంచి చూస్తే వీధంతా చీకటి. బయట ఎవరో, "ఎవడ్రా వాడు!" అని అరిచారు. ఎర్మెక్ కిటికీ పరదా మెల్లగా లాగేశాడు.

నేను టీ పోసి అందరికీ అందించేలోపే ఆ వేడంతా ఎటు పోయిందో పోయింది. ఫోన్ల వెలుగులో ఒక్కొక్కరి నోటినుంచీ ఆవిరి కనిపిస్తోంది. సగిన్‌బాయ్ మర్యాదగా విప్పిన టోపీని మర్యాదగా మళ్లీ పెట్టుకున్నాడు. జిపార్ చేతులు చంకల్లో దాచుకుంది. మర్యాదస్తులు కాబట్టి టీ బాగుందనే అంటున్నారు. పళ్లు మాత్రం టకటకమంటున్నాయి.

అత్తగారు లేచింది. "ఇక చాలు. అందరూ లేవండి. ఒరేయ్ ఎర్మెక్, ఆ మూట తీసుకురా."

"అమ్మా, వద్దమ్మా..."

"వియ్యపురాలు గడ్డకట్టుకుపోతే పిల్లకి కమ్మలు నువ్వు పెడతావా?"

మూట వచ్చింది. ఆ తర్వాత ఆ హాల్లో ఎవరు చుట్టాలో, ఎవరు ఇంటివాళ్లో తెలియలేదు. పట్టు గౌను తొడుక్కున్న జిపార్ చేతులు పైకి మడిచి, "ఆ దడి తలకిందులుగా పట్టుకున్నావు, నిన్ను కట్టుకుని ఇన్నాళ్లయింది, ఏనాడైనా ఏదైనా తిన్నగా పట్టుకున్నావా?" అని మొగుణ్ణి అదిలిస్తోంది. సగిన్‌బాయ్ దడిలో తనే ఇరుక్కుని, "నన్ను కూడా కలిపి కట్టేయండి, వెచ్చగా ఉంది," అంటున్నాడు. కుబాత్ భోజనాల బల్ల ఎక్కి చక్రం రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. షాండ్లియర్ గాజు పూసలు చెవుల మీద వేలాడుతుంటే కొత్త పెళ్లికూతురిలా ఉన్నాడు. బురుల్ కింద నుంచి వాసాలు దోపుతోంది.

"వాసం కన్నంలో పెట్టు బురుల్, నా కన్నులో కాదు!"

"పని చూసుకోకుండా నన్నే చూస్తుంటే గుచ్చుకోదా మరి!"

"పోట్లాట అప్పుడే మొదలైంది, ఇక ఆలస్యం చేయకూడదు," అంది అత్తగారు.

గుడారం లేచింది, కాస్త ఎడంవైపుకి ఒరిగి. అందరం లోపల దూరాం. పొయ్యి మీది ఇటుకలు తెచ్చాను. అంతలో తలుపు దబదబా బాదారు. సోనున్ అక్క, ఇద్దరు పిల్లలతో.

"మా ఇల్లు చీకటి, చలి! నా హీటరు నాకివ్వు. అసలు ఏం చేశావయ్యా ఎర్మెక్? వీధంతా నిన్నే తిడుతోంది!"

"అక్కా, ముందు లోపలికి రా," అన్నాను తెర ఎత్తి.

తిట్టడానికి వంగి లోపలికొచ్చినామె వెచ్చదనం తగలగానే ఏం తిట్టాలో మర్చిపోయింది. "అయ్యో, ఎంత బాగుంది," అని పిల్లల్ని లాగి కూర్చోబెట్టి, మళ్లీ పరిగెత్తుకుంటూ వెళ్లి అప్పుడే వేయించిన పిండి బిళ్లలు పళ్లెం నిండా తెచ్చింది. ఆమె వెనకే ఎదురింటి ముసలాయన, ఆయన వెనక ఆయన కోడలు. లోపల ఊపిరాడని ఇరుకు. ఒకరు టీ తాగాలంటే పక్కవాడు మోచెయ్యి దించాలి. సగిన్‌బాయ్ నవ్వితే దడి మొత్తం కిచకిచలాడేది, దడి కిచకిచలాడితే ఆయనకి ఇంకా నవ్వొచ్చేది.

అప్పుడు జిపార్ కమ్మలు బయటికి తీసింది. వెండివి, వాళ్ల అత్తగారి నాటివి. అందరం చూడ్డానికి ముందుకి వంగాం. ఉన్న ఫోన్లలో ఒకటే మిణుకుమంటోంది. ఆమె కళ్లజోడు టీ ఆవిరికి మళ్లీ తెల్లబడింది. ఆమె చెయ్యి చాచి, దగ్గరగా ఉన్న చెవి పట్టుకుని, చక్కగా కమ్మ దోపేసింది.

"చల్లగా ఉండు తల్లీ. మా కుబాత్‌ని కనిపెట్టుకుని ఉండు. మా ఇల్లు పిల్లలతో కళకళలాడించు."

ఆ చెవి నాది. చెబుదామంటే నోట్లో సోనున్ అక్క పిండి బిళ్ల ఉంది. రెండో చెవికి కూడా పెట్టేసి, రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది.

"అత్తయ్యా!" అని ఎర్మెక్ గావుకేక పెట్టాడు. "అది నా పెళ్లాం!"

సగిన్‌బాయ్ పొట్టలోంచి ఏదో గుడగుడమని బయల్దేరింది. అది నవ్వై బయటికొచ్చేసరికి గుడారం అంతా పగలబడి నవ్వింది. సోనున్ అక్క నా ఒళ్లో పడింది. ముసలాయన కళ్లు తుడుచుకుంటూ, "మళ్లీ చెప్పండి, ఏమైంది, నాకు వినపడలేదు," అని అడుగుతున్నాడు. ఎవరూ చెప్పగలిగే స్థితిలో లేరు. జిపార్ కళ్లజోడు గౌను అంచుకి తుడుచుకుని నన్ను తేరిపార చూసింది.

"మరి ముందే చెప్పొచ్చు కదమ్మా! చెవి నున్నగా ఉంది, నా తప్పేముంది?"

"అమ్మా, ఈసారి నేను చూపిస్తానుండు," అని కుబాత్ బురుల్ చెయ్యి పట్టుకుని ముందుకి లాగాడు. ఆ వంకన పట్టుకున్న చెయ్యి తర్వాత వదల్లేదు. అత్తగారు చూసింది, చూడనట్టు టీ ఊదుకుంది. కమ్మలు బురుల్ చెవులకి చేరాయి. జిపార్ ఆశీర్వదించబోయి, నా మొహం చూసి, మళ్లీ నవ్వాపుకోలేక, చివరికి ఆశీర్వాదం సగంలోనే వదిలేసింది.

నవ్వి నవ్వి అలిసిపోయాక ఆమె ఎర్మెక్ మోకాలి మీద తట్టి చెప్పింది. "నిజం చెప్పనా నాయనా? ఈ చలికాలమంతా మేం వంటింట్లోనే పడుకుంటున్నాం. ముగ్గురం. మిగతా గదులకి తాళం. మీ హాలు చూడగానే మా ఆయనకి గుండె జారిపోయింది. ఇంత ఇంట్లో పెరిగిన పిల్ల మా పొయ్యి పక్కన ఎలా సర్దుకుంటుందోనని."

"వంటిల్లయితే మరీ మంచిదత్తయ్యా. టీ దగ్గరగా ఉంటుంది," అంది బురుల్.

ఎర్మెక్ తల వంచుకుని తివాచీ ఉన్ని పీకాడు. తర్వాత మెల్లగా, "నాక్కూడా అక్కడ పడకగదిలో చచ్చేంత చలేసింది," అన్నాడు. అత్తగారు కొడుకు వీపు నిమిరింది, టోపీ సరిచేసింది.

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. మా నెత్తిమీద షాండ్లియర్ భగ్గున వెలిగింది. బయట హీటర్లన్నీ ఒక్కసారి గర్జించాయి. హెలికాప్టర్ హీటరు గాలికి గుడారం గోడ బూరెలా పొంగింది. "ఆపండి! ఆపండి!" అని అందరూ ఒక్కసారి కేకలు. ఎర్మెక్ లేవబోతే అన్ని కాళ్ల మధ్య తన కాళ్లు ఎక్కడున్నాయో తెలియలేదు, సగిన్‌బాయ్ కాలు పట్టుకుని లాగాడు. చివరికి పాక్కుంటూ బయటపడి ఒక్కొక్కటీ ఆపుకుంటూ వెళ్లాడు. షాండ్లియర్ కూడా ఆపేశాడు. తిరిగొచ్చి తెర ఎత్తితే లోపల తన చోటు లేదు, పిల్లలు ఆక్రమించేశారు.

"జరగండి," అన్నాడు.

ఎవరూ జరగలేకపోయాం. అతను అందరి మోకాళ్ల మీదా అడ్డంగా పడుకున్నాడు. సగిన్‌బాయ్ పచ్చిక మైదానాల పాట ఎత్తుకున్నాడు. ఒకరు ఊగితే అందరం ఊగాల్సిందే, అంత ఇరుకు. వియ్యాలవారు ఆ రాత్రి ఇంటికి వెళ్లలేదు.

పెళ్లి వసంతంలో అయింది, కొండదారి మంచు కరిగాక. బురుల్ ఇప్పుడు ఆ వంటింట్లోనే ఉంది. ఫోన్ చేస్తే వెనక గిన్నెల చప్పుడూ, మామగారి నవ్వూ వినిపిస్తాయి. కరెంటు రేటు మళ్లీ పెంచుతారంటున్నారు. ఎర్మెక్ కుబాత్‌ని సాయం పిలిచి హాలుకి చెక్కలతో కిందికి ఇంకో కప్పు వేయిస్తున్నాడు. ఎంత కిందికి వేయించాలో ఇంట్లో రోజూ వాదనే. అత్తగారైతే చెయ్యి పైకెత్తి, తన వేళ్లు తగిలేచోటే ఉండాలంటోంది. ఆవిడేమో నా భుజం దాకానే వస్తుంది.