గేరు రాడ్డుకు మూడు ముళ్లు

నేను ఒక జీపును. నాలుగు చక్రాలకూ బలం అందే రకాన్ని. గొప్పకు చెప్పడం లేదు. నా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి కాబట్టి చెబుతున్నాను.

కొండలూ బురదలూ దాటడానికి నన్ను తయారుచేశారు. తీరా చూస్తే ఒక ప్రభుత్వ ఆఫీసుకు పంపారు. ఆ ఆఫీసరుగారు పద్నాలుగేళ్లపాటు నన్ను బంగళా నుంచి కూరగాయల బజారుకూ, బజారు నుంచి బంగళాకూ నడిపించారు. ఆ కాలంలో నేను దాటిన అతి పెద్ద బురద, ఆయన గేటు ముందు కుళాయి కారి తయారైంది. తర్వాత రంగు వెలిసిందని వేలం వేస్తే, చింతపల్లి కొండమీది బాలన్న నన్ను పాడుకున్నాడు.

తాళాలు ఇస్తూ ఆఫీసు డ్రైవరు అతనికి ఒకే ఒక్క ఉపదేశం చేశాడు. “పెద్ద రాడ్డు నీ ఇష్టం. పక్కనున్న చిన్న రాడ్డు జోలికి మాత్రం పోకు.” ఎందుకో ఆ డ్రైవరుకూ తెలియదు, అతనికి అంతకుముందు డ్రైవరు చెప్పాడట. చిన్న రాడ్డు ముందుకు ఉంటే నాది మామూలు నడక. పూర్తిగా వెనక్కి ఉంటే నాలుగు చక్రాల పట్టు. మధ్యలో ఉంటే ఏమీ లేదు. ఇంజను గొంతు చించుకుంటుంది గాని చక్రాలకు కబురందదు.

ఇదేమీ తెలియకుండానే బాలన్న నన్ను పదకొండేళ్లు నడిపాడు. ప్రతి బుధవారం సంతకు పద్దెనిమిది మందినీ, వాళ్ల అల్లం బస్తాలనూ, కోళ్ల గంపలనూ నా మీద ఎక్కించేవాడు. ఘాట్ ఎక్కేటప్పుడు “రా నాయనా, ఒక్క మలుపే” అని బతిమాలేవాడు. ప్రతి మలుపుకూ అదే అబద్ధం. అయినా అతనంటే నాకు ప్రాణం.

నిరుడు దసరాకు అతని భార్య చిలకమ్మ నాకు పూజ చేసింది. బొట్లు పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. తోరం కడదామంటే స్టీరింగుకు పూలదండ అడ్డం వచ్చింది. సరేనని పసుపు రాసిన గట్టి నూలుతాడుతో పెద్ద రాడ్డునూ చిన్న రాడ్డునూ కలిపి మూడు ముళ్లు వేసింది. అంటే నా కడుపులోనే పెళ్లి చేసింది.

పెళ్లైన మూడోరోజు సంత. ఘాట్ మీద బాలన్న రెండో గేరు కోసం పెద్ద రాడ్డును వెనక్కి లాగాడు. తాడు బిగిసింది. చిన్న రాడ్డు కొత్త పెళ్లికూతురిలా వెంట నడిచి సరిగ్గా మధ్యలో ఆగింది. ఇంజను అరిచింది. నేను నిలబడిపోయాను.

“క్లచ్చు పోనాది” అన్నాడు కోళ్ల గంప ఆసామి. “ఆయిలు నేదు” అంది అల్లం మూట మీద కూర్చున్న ముసలమ్మ. మిగిలినవాళ్లంతా దిష్టి అన్నారు. దిగి నడవడానికి మాత్రం ఎవరూ తొందరపడలేదు.

లారీకి కట్టి నన్ను నర్సీపట్నంలో గౌరీసు షెడ్డుకు దించారు. గౌరీసు మంచి మెకానిక్కు, ఇరవై ఏళ్ల అనుభవం. వచ్చిన చిక్కంతా ఆ అనుభవంతోనే. సీట్లో కూర్చుంటూనే అలవాటుకొద్దీ చిన్న రాడ్డును ముందుకు తోసి, రాడ్లన్నీ సర్దేస్తాడు. సర్దినట్టు అతని చేతికి తెలుసు, బుర్రకు తెలియదు. మొదటి గేరు వేశాడు, కదిలాను. రివర్సు వేశాడు, కదిలాను. ఆ రెండూ ముందుకే పడతాయి, తాడు వదులుగా ఉంటుంది. రెండో గేరు వేసి చూడాలంటే ఆ ఇరుకు షెడ్డులో చోటేదీ?

క్లచ్చు ప్లేటు మార్చాడు. ఊరు దాటేదాకా బాలన్న మొదటి గేరులోనే మెల్లగా నడిపాడు, రెండోది వేయగానే మళ్లీ ఆగాను. ఈసారి గేరుబాక్సే దించాడు. రాడ్లు తీసేముందు చెప్పులు విడిచి, తోరం చెడకుండా రెండింటినీ జంటగా ఎత్తి బల్లమీద పెట్టాడు. పళ్లచక్రాలన్నీ కిరసనాయిలులో కడిగి, ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూశాడు. నలుసంత తేడా లేదు. అన్నీ బిగించి, రాడ్లను తోరంతో సహా మళ్లీ భక్తిగా నిలబెట్టాడు. నా ఒంట్లో అతను విప్పనిదల్లా ఆ తాడొక్కటే. నాకు నోరుంటే తిట్టి ఉండేదాన్ని.

మూడోసారి లారీ వెనకాల దిగేసరికి దసరా దాటి మూడు నెలలైంది. గౌరీసు చేతులు తుడుచుకున్నాడు. “బావా, ఇంక నా వల్ల కాదు. తుక్కుకి ఇచ్చీ.”

 బాలన్న నా స్టీరింగు మీద చెయ్యివేసి నిలబడ్డాడు. తుక్కు దుకాణం అక్కడికి మైలు దూరం, ఎత్తు మీద. వచ్చేటప్పుడు దాని గేటులోంచి సగం బస్సు కనిపించింది. మిగతా సగం కోసేశారు. నాకు భయం వేసింది.

ఆఖరిచూపుకు చిలకమ్మ కూడా వచ్చింది. “అమ్మోరి తోరంతో తుక్కులోకి పంపుతావేటయ్యా? పాపం తగల్దూ?” అంటూ సీటులోకి వంగింది. గ్రీజు పట్టిన ముళ్లు వేళ్లకు లొంగలేదు. పంటితో లాగి మూడూ విప్పింది. తాడును కొంగున కట్టుకుని వెనక కూర్చుంది.

గౌరీసు ఎప్పటిలాగే రాడ్లు సర్ది, పక్కసీటుకు జరిగాడు. “మొదటి గేరులోనే మెల్లగా పోనీ బావా” అన్నాడు.

ఎత్తు వచ్చింది. బాలన్న కళ్లు తుడుచుకుంటున్నాడు. చెయ్యి మాత్రం పదకొండేళ్ల అలవాటు కొద్దీ రెండో గేరుకు లాగింది. నేను ఆగలేదు. అతను గమనించలేదు. మూడో గేరు వేశాడు, నాలుగు వేశాడు. దుకాణం గేటు పక్కనుంచి పోయింది, సగం బస్సూ పోయింది. రెండు మైళ్లు పోయాక గాని అతనికి తెలివి రాలేదు.

“సూసినావా! నా మొక్కు ఊరికే పోనేదు. ఈపాలి దసరాకి ఇంకా గట్టి తోరం కడతాను” అంది చిలకమ్మ, కొంగు ముడి విప్పి తాడును కళ్లకద్దుకుంటూ.

గౌరీసు వెనక్కి తిరిగి ఆ తాడును చూశాడు. దాని పొడవు చూశాడు. తర్వాత రాడ్ల వంక చూశాడు. మొహంలో రంగు మారింది. 

“అక్కా, తోరం ఈపాలి స్టీరింగుకి కట్టు. గేర్లకొద్దు” అన్నాడు చివరికి, ఎటో చూస్తూ.

“ఎవుడు సెప్పినాడ్రా నీకు?”

గౌరీసు నా మీద చెయ్యివేశాడు. “బండే సెప్పినాది.”

మూడు నెలలనుంచీ చెబుతూనే ఉన్నాను.