కట్టు ఉన్న వైపు పోవద్దు

శ్రావణమాసంలో ఒక బుధవారం పొద్దున మగ్గం మీది చీర కోసి దించాను. నా భర్త గండయ్య సగం నేసి వదిలిన చీర అది. రెండు నెలల కింద పచ్చకామెర్లు ఆయనను వారం రోజుల్లో తీసుకుపోయాయి. మిగతా సగం నేను నేశాను. గుట్ట అవతల పల్లెలో గొర్లు కాసే బీరప్పకు, కూతురు యాదలక్ష్మి పెండ్లికి ఆ చీర ఇస్తానని ఆయన మాట ఇచ్చాడు. పెండ్లి ఆ రోజే. ముహూర్తం పదకొండున్నరకు.

రామన్నపేట పోయి, రెండు బస్సులు మారి, చుట్టూ తిరిగితే సాయంత్రం అవుతుంది. గుట్టల మీదుగా నడిస్తే ఐదు గంటలు. ఆయన మాత్రం సైకిల్ మీద చీరల మూట కట్టుకొని రెండున్నర గంటల్లో పోయేవాడు. దారి ఎట్లా ఉంటుందని ఎప్పుడన్నా అడిగితే, "ఎట్లుంటది, దారే" అనేవాడు. పదహారేండ్ల కాపురంలో ఆ దారి గురించి నాకు తెలిసింది ఆ ఒక్క మాటే.

సైకిల్ దుకాణం లతీఫ్ అన్న దగ్గరికి పోయాను. మాకు పాత ట్యూబులు ఇచ్చేది ఆయనే. మా చీరల మీద పువ్వులు, బొమ్మలు పడాలంటే నూలును ముందే అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతాం. ఆ కట్లు సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు ముక్కలతోనే వేస్తాం.

"నేను గా గుట్ట ఎన్నడు ఎక్కలే చెల్లె," అన్నాడు లతీఫ్ అన్న.

"నేనూ ఎక్కలే. కానీ చీర ఇయ్యాల్నే అందాలె అన్నా."

లోపలి నుంచి ఆయన భార్య మెహరాజ్ వదిన నవ్వింది. "పో చెల్లె పో. మా ముసలాయన సగం దూరం తొక్కుతడు. మిగిలిన సగం నువ్వు ఆయన్ని కూసోవెట్టి తొక్కాలె."

ఎనిమిది గంటలకు బయలుదేరాం. చీరను ప్లాస్టిక్ కవరులో చుట్టి ఒళ్లో పెట్టుకొని వెనక క్యారియర్ మీద కూర్చున్నాను. చేన్లు దాటాక దారి లేదు. రాతి గుండ్లు, వాటి మధ్య సీతాఫలం పొదలు, ముండ్లు. వెతుకుతుంటే ఒక పొదకు నల్లని రబ్బరు ముక్క కట్టి కనిపించింది.

"ఇగో, నా ట్యూబే!" అన్నాడు లతీఫ్ అన్న సంబరంగా. "గీ దిక్కు పొమ్మని గుర్తు పెట్టిండు గండయ్య."

ఆ పొద పక్కకే హ్యాండిల్ తిప్పాడు. ఆకుల కింద రెండు బండల నడుమ సందు ఉంది. ముందు చక్రం అందులో దిగబడింది. ఇద్దరం బోర్లాపడ్డాం. నా మోచేయి గీరుకుపోయింది. చీర మాత్రం చేతిలోంచి వదల్లేదు. లతీఫ్ అన్న చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, వంకరపోయిన హ్యాండిల్ సరిచేస్తూ, "నీ మొగడు మనల్ని గూడ పిలుసుకుంటుండా ఏంది?" అన్నాడు.

నేను వంగి ఆ రబ్బరు ముడి చూశాను. రెండు చుట్లు, ఒక మెలిక. రోజూ మేమిద్దరం నూలుకు వేసే కట్టే. కట్టు వేసిన చోటికి రంగు రాదు. రావద్దనే కడతాం.

"అన్నా, మనం ఉల్టా చూసినం. కట్టు ఉన్న దిక్కు పోవద్దు. రంగు రావద్దని కట్టినట్టు, చక్రం రావద్దని కట్టిండు."

ఆ తర్వాత నేను కట్లు చూసి చెబుతుంటే ఆయన తొక్కాడు. "కుడికి రాకు... ఎడమకు రాకు... ఇప్పుడు నడిమిట్ల." ఒకచోట రెండు పొదల నడుమ అడ్డంగా రబ్బరు లాగి కట్టి ఉంది. దిగమని అర్థమైంది. దిగి, సైకిల్ ఎత్తుకొని దాటాం. మిగతా అంతా సీటు మీది నుంచి లేచి, పెడళ్ల మీద నిలబడి నడిపాడు లతీఫ్ అన్న. రాయి మీదికి ఎక్కిన చక్రం ఒక్క క్షణం గాలిలో ఆగి, ఎదురుచూస్తున్నట్టున్న నేల మీదికి దిగేది. ఎటు చూసినా రాళ్లే ఉన్న ఆ గుట్టలో, బొమ్మ చుట్టూ కట్టి వదిలిన తెల్లని గీతలాగా ఒక బాట విప్పుకుంటూ పోయింది. ఎన్నేండ్లు, ఎన్నిసార్లు పడి లేచి ఆయన ఇదంతా కట్టాడో!

గుట్ట కొసకు వచ్చాక లతీఫ్ అన్న బ్రేకు పట్టాడు. ముందర చెరువంత పరుపుబండ, ఏటవాలుగా కిందికి. పక్కలకు వానకు పట్టిన పాకుడు నల్లగా మెరుస్తోంది. పొదలు లేవు కాబట్టి చిన్న రాళ్లకు రబ్బరు చుట్టి రెండు వరుసలు పేర్చాడు మా ఆయన. ఆ వరుసలు పోనుపోను దగ్గరికి జరిగి, అడుగున రెండు పెద్ద గుండ్ల నడుమ రెండు మూరల సందు దగ్గర ఆగాయి.

"దిగుదాం చెల్లె," అన్నాడు లతీఫ్ అన్న.

"దిగుడు ఉంటే అడ్డం కట్టేటోడు. అడ్డం లేదన్నా."

"నాకు ఆరుగురు పిల్లలు చెల్లె."

"టైం ఎంతైంది?"

ఆయన గడియారం చూసి, "యా అల్లా," అని బ్రేకు మీది వేళ్లు కొంచెం సడలించాడు.

బండ మా కింది నుంచి జారిపోయింది. చెవుల్లో గాలి తప్ప ఏమీ లేదు. రాళ్ల వరుసలు రెండు పక్కలా దగ్గరికి, ఇంకా దగ్గరికి. భయపడాలని కూడా తోచలేదు. గుండ్ల సందులోంచి దూరినప్పుడు చల్లని రాతి వాసన మొహానికి కొట్టింది. మరుక్షణం ఎండలో ఉన్నాం. కింద లోయంతా పచ్చగా, దాని నడుమ చుక్కల్లాగా గొర్లు, పెండ్లి పందిరి. ప్రతి వారం ఒంటరిగా, మూట బరువుతో దీన్ని దిగి ఇంటికొచ్చి "దారే" అన్న మనిషి, నా పక్కన కూర్చొని జొన్న గటక తాగిన మనిషి, ఎంతటివాడు!

పల్లె అంచున ఈ ఏటి వానకు కొత్తగా తెగిన గండి ఒకటి ఉంది. దానికి కట్టు లేదు. "ఆపు!" అని అరిచాను. జానెడు దూరంలో చక్రం ఆగింది. దిగి చుట్టూ తిరిగి పోయాం.

పందిట్లో డప్పులు మోగుతున్నాయి. ముండమోసినదాన్ని కదా, తడిక బయటే నిలబడి చీర లతీఫ్ అన్న చేతికిచ్చాను. అంతలో బీరప్పే ఉరికొచ్చాడు.

"గొర్ల కాడికెళ్లి చూసిన. బండ మీద సైకిల్ దిగుతాంది. గండయ్యొచ్చిండనుకున్న. మల్ల యాదికొచ్చింది, ఆయన లేడని." చీర విప్పి చూసి, నా దిక్కు తిరిగాడు. "గీడ నిలవడ్డవేంది? లోపలికి రా."

"నేను రావద్దు బీరప్పా."

"నువ్వు నేసిన చీర లోపలికి రావచ్చుగని, నువ్వు రావద్దా? నడువు. ముహూర్తం దాటుతాంది."

యాదలక్ష్మి ఆ చీర కట్టుకొని పీట మీద కూర్చుంది. చీరలో మా ఆయన నేసిన చోటు ఏదో, నేను నేసిన చోటు ఏదో నాకే కనపడలేదు.

భోజనాలయ్యాక తిరుగు ప్రయాణంలో గండి దగ్గర సైకిల్ ఆపమన్నాను. లతీఫ్ అన్న పనిముట్ల సంచిలోంచి ట్యూబు ముక్క తీసి, సన్నగా కోసి, పక్కనున్న పొదకు చుట్టాను. రెండు చుట్లు, ఒక మెలిక.

"మల్ల ఎవలొస్తరు చెల్లె గీ దారిల?"

"బీరప్ప తన చిన్నబిడ్డకు ఇంకో చీర అడిగిండు."

లతీఫ్ అన్న ఎదురుగా ఉన్న గుట్టను కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత వంగి, నేను వేసిన ముడిని వేలితో లాగి చూశాడు.

"ఇంకో చుట్టు ఎయ్యి," అన్నాడు. "తొక్కేది నేనేనాయె."