బావమరిది నిద్ర

నేను ఒక నల్ల రబ్బరు పట్టీని. చేతి గడియారం అనుకునేరు, టైము చూపే ముఖం నాకు లేదు. మణికట్టుకు కడితే నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందో, మనిషి ఎంతసేపు నిద్రపోయాడో లెక్కపెడతాను. ఆ నాడి ఎవరిదంటే మాత్రం చెప్పలేను. కడుపులో చిప్పు పెట్టినవాళ్లు నోరు పెట్టలేదు మరి.

ఉద్యోగుల అలసట మీద పరిశోధన చేసే డాక్టర్ హైమవతి నన్నూ నా తోబుట్టువులనూ నరసరావుపేటలో ఒక ట్రావెల్స్ కంపెనీకి తీసుకొచ్చింది. అలసట నిజమని తేలితే డబుల్ డ్యూటీలు తీసేయమని ఓనరుకు గట్టిగా రాస్తానని డ్రైవర్లకు మాటిచ్చి, రాత్రి నుంచి కట్టుకోమని నన్ను యలమంద చేతికిచ్చింది.

యలమంద హైదరాబాదు బస్సు తోలుతాడు. ఆమె అటు వెళ్లిందో లేదో, అలిసిపోయాడని తేలినవాణ్ణి స్టీరింగు మీంచి దింపి బస్సులు కడగడానికి పెడతారని ఎవరో అన్నారు. యలమంద భయపడ్డాడు. ఇంటికి పోయి నన్ను బావమరిది కోటప్ప చేతికి కట్టేశాడు. కోటప్పకు తిండీ నిద్రా తప్ప మూడో పని లేదు, కుంభకర్ణుడైనా అతని ముందు దిగదుడుపే. ఆ చేతి మీద నేనూ హాయిగానే ఉన్నాను, దాచడమెందుకు? మిగతా డ్రైవర్లు పెళ్లానికో తమ్ముడికో కట్టారు. భయం అందరికీ ఒకే తెలివినిచ్చింది.

నెల తిరిగేసరికి డ్రైవర్లు కంటినిండా నిద్రపోతున్నారని తేలింది. ఓనరు మురిసిపోయి, ఇంత కులాసాగా ఉన్నవాళ్లకు వారానికో రోజు సెలవు దేనికని ఎత్తేశాడు.

నన్ను తిరిగివ్వడానికి మేడ మీద హైమవతి గదికి వచ్చిన యలమంద కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఆ నిద్ర నాది కాదు మేడం, మా బావమరిదిది," అన్నాడు. "మొన్న దాచేపల్లి కాడ రెప్ప పడిపోయింది. బస్సు నిండా జనం."

హైమవతి తను రాసిన రిపోర్టు మూసేసింది. ఆమె కూడా బాగా నలిగిపోయి ఉంది పాపం. "ఈ పరిశోధన మళ్లీ మొదలుపెట్టాలంటే మీరంతా మోసం చేశారని ఓనరుతో చెప్పాలి యలమంద గారూ. చెప్పమంటారా?"

"వద్దులే మేడం. ఉద్యోగం పోద్ది."

అంతసేపూ నేను అతని గుప్పిట్లోనే ఉన్నాను. నెలంతా నాకు తెలియని నాడి అప్పుడు తగిలింది. పరిగెడుతోంది. లెక్కపెట్టాను, అది నా పని. కింద హారను మోగింది. నన్ను బల్ల మీద పెట్టి అతను మెట్లు దిగిపోయాడు.

ఇప్పుడు నేను హైమవతి బీరువాలో అట్టపెట్టెలో ఉన్నాను. యలమందది నా దగ్గరున్నది ఆ కాస్త నాడే. దాన్ని చూడమని ఎవరినైనా బతిమాలుకుందామంటే నాకు నోరు లేదు. అతని బస్సు ఈపాటికి బయల్దేరి ఉంటుంది. ఎక్కినవాళ్లంతా అతన్ని నమ్మి, సీట్లు వాల్చుకుని నిద్రపోతుంటారు.